పుల్లని ద్రాక్షలు తిన్నదెవరు?



ఒక ఇంట్లో బిడ్డ పెదవి చీలికతో పుట్టాడు. చూడవచ్చినవారి నోట మొదట వచ్చే మాట మీరూ వినే ఉంటారు: "గ్రహణం నాడు బయట తిరిగి ఉంటుంది." మరొక ఇంట్లో పిల్లకు నాలుగేళ్లు నిండినా సరిగా మాట రాలేదు. "కడుపుతో ఉన్నప్పుడు ఎప్పుడు చూసినా ఏడుస్తూ కూర్చునేది. ఆ ఏడుపు ఊరికే పోతుందా?" ఇంకొక ఇంట్లో ఎదిగిన కొడుకుకు మతి చలించింది. "ఆ తల్లి ఏ పాపం చేసుకుందో!" ఇళ్లు వేరు, బాధలు వేరు. ముద్దాయి మాత్రం ప్రతి ఇంట్లోనూ తల్లే. తీర్పు చెప్పేవాళ్లం మనమే.

గ్రహణం మొర్రి అనే మాట మన భాషలోనే పాతుకుపోయింది. 1980 ఫిబ్రవరి 16న నాటి ఆంధ్రప్రదేశ్ మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం సాగినప్పుడు వీధులు బోసిపోయాయి. గర్భిణులను కదలకుండా మెదలకుండా ఇంట్లోనే పడుకోబెట్టారు. పెదవి చీలికకు వంశంలో వచ్చే జన్యువులు, కొన్ని మందులు, పొగ వంటివి కారణం కావచ్చునని వైద్యులు చెబుతారు. గ్రహణపు నీడకు దానితో ఏ సంబంధమూ లేదు. ఇది చదువుకున్నవారందరికీ తెలిసినదే.

అయితే ఇప్పుడొక చిక్కు వచ్చింది. ఆ చదువుకున్నవారే, శాస్త్రం పేరుతోనే, తల్లి గర్భవాస కాలంలో పడిన కష్టం బిడ్డ మెదడుపై ఏళ్ల తరబడి నిలిచే ముద్ర వేయగలదని చెబుతున్నారు. అలాగైతే మన ముసలమ్మలు అన్నదే నిజమా? తప్పు తల్లిదేనా? విశ్వాసులమైన మనం ఈ ప్రశ్నను తప్పించుకోకూడదు. ఎందుకంటే దీనికి మనం చెప్పే జవాబును బట్టే మన ఇంటి ఆడపిల్లలతో, వారి పిల్లలతో మన ప్రవర్తన ఉంటుంది.

నీరు ఒక్కటే, తూములు వేరు

ముందుగా ఆ శాస్త్రం ఏమంటున్నదో తెలుసుకుందాం. కోనసీమ రైతుకు ఇది అర్థం కావడం కష్టం కాదు. ధవళేశ్వరం ఆనకట్ట నుండి వచ్చే గోదావరి నీరు ఒక్కటే. అమలాపురం వైపు పారేది అదే, గన్నవరం అక్విడెక్టు దాటి రాజోలు వైపు పోయేదీ అదే. కాని ఏ పొలం తడుస్తుంది, ఏ పొలం ఎండుతుంది అన్నది ఏ తూము ఎప్పుడు తెరిచారు, ఎంత తెరిచారు అన్నదాని మీద ఉంటుంది.

మన శరీరంలోని జన్యువులూ అంతే. మనిషికి సుమారు 20,000 జన్యువులు ఉన్నాయి. కంటిలోని కణంలోనూ, కాలేయంలోని కణంలోనూ, మెదడులోని కణంలోనూ దాదాపు అవే జన్యువులు. అయితే అన్ని చోట్లా అన్నీ పనిచేయవు. మెదడు కణంలో కొన్ని తెరుచుకుంటాయి, కొన్ని మూసుకుంటాయి. ఈ తెరవడం మూయడాన్నే శాస్త్రజ్ఞులు జన్యువుల వ్యక్తీకరణ అంటారు. డి.ఎన్.ఏ. మీద మిథైల్ అనే చిన్న రసాయనపు ముక్క అతుక్కుంటే చాలాచోట్ల ఆ జన్యువు తూముకు పలక వేసినట్లవుతుంది. జన్యువు మారదు, దాని పని తగ్గుతుంది.

ఈ తూములలో ఎన్నో మొదట అమరేది తల్లి గర్భంలోనే. మెదడుకు, వెన్నుపాముకు మూలమైన నాళం గర్భం ధరించిన 28 రోజులలోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమని కూడా తెలియదు. ఆ తరువాతి నెలలన్నీ బిడ్డకు ప్రాణవాయువు, ఆహారం అందేది మాయ ద్వారానే. తల్లికి గుర్రపువాతం వచ్చి రక్తపుపోటు పెరిగినా, రక్తం బాగా తగ్గిపోయినా, చక్కెర అదుపు తప్పినా, ఆ మాయ పని దెబ్బతినవచ్చు. అప్పుడు ఎదుగుతున్న మెదడులోని కొన్ని జన్యువులు తెరుచుకోవలసినంతగా తెరుచుకోకపోవచ్చు, కొన్ని మూసుకోవలసిన వేళ మూసుకోకపోవచ్చు.

అమెరికాలోని బాల్టిమోర్‌లో ఉన్న లీబర్ సంస్థ శాస్త్రజ్ఞులు 2018లో ఒక పరిశోధన ప్రకటించారు. స్కిజోఫ్రీనియా అనే మనోవ్యాధికి దారితీయగల జన్యువులు కొందరిలో పుట్టుకతోనే ఎక్కువగా ఉంటాయి. అలాంటివారిలో తల్లి గర్భవాస సమయంలోనో కాన్పులోనో తీవ్రమైన ఇబ్బందులు వచ్చినవారికి, ఏ ఇబ్బందీ రానివారికంటే ఆ వ్యాధి వచ్చే అవకాశం సుమారు ఐదు రెట్లు ఎక్కువని తేలింది. ఆ జన్యువులలో అనేకం మాయలో కూడా పనిచేసేవే. గుర్రపువాతం వంటివి వచ్చిన గర్భాలలో వాటి పని మరింత హెచ్చుతున్నదని కూడా వారు గమనించారు. అంటే మెదడు కథలో కొంత భాగం మాయలోనే మొదలవుతున్నదన్న మాట.

కరువు, తుపాను

రెండవ ప్రపంచ యుద్ధం చివర, 1944-45 చలికాలంలో, జర్మన్ సైన్యం హాలండ్ పట్టణాలకు ఆహారం చేరనివ్వలేదు. రోజుకు 1,000 కేలరీల తిండి కూడా దొరకక ప్రజలు అలమటించారు. ఆ కరువులో గర్భంలో పడినవారిని దాదాపు 60 ఏళ్ల తరువాత పరీక్షించి, కరువు సోకని తోబుట్టువులతో పోల్చారు. ఎదుగుదలకు సంబంధించిన ఒక జన్యువు మీద మిథైల్ గుర్తులు వారికి తక్కువగా ఉన్నాయని 2008లో తేలింది. కరువు ముమ్మరంగా ఉన్నప్పుడు గర్భంలో పడినవారిలో స్కిజోఫ్రీనియా సుమారు రెండు రెట్లు కనిపించింది. కడుపు మాడ్చినవాడు ఒకడు, మాడింది తల్లి కడుపు, ముద్ర పడింది ఇంకా పుట్టని బిడ్డ మీద.

మనకు ఇంకా దగ్గరగా తాకే సంగతి ఒకటి ఉంది. 1996 నవంబరు 6 రాత్రి మన కోనసీమను ముంచిన తుపానును పెద్దలెవరూ మరచిపోలేదు. 1,000 మందికి పైగా మరణించారు. కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. ఎన్నో కుటుంబాలు నీడ లేక, దీపం లేక, తాగునీరు లేక గడిపాయి. ఆ రాత్రి చూరు పట్టుకొని ప్రాణం దక్కించుకున్నవారిలో నెలలు నిండుతున్న తల్లులూ ఉన్నారు. ఆ తరువాత సుమారు పద్నాలుగు నెలలకు, 1998 జనవరిలో, కెనడాలోని క్విబెక్ ప్రాంతంలో మంచు తుపాను వచ్చి లక్షలాది ఇళ్లకు విద్యుత్తు పోయింది. అప్పుడు గర్భంతో ఉన్న స్త్రీల పిల్లలను అక్కడి శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి గమనించారు. పదమూడేళ్ల వయసులో ఆ పిల్లల రక్తకణాలను పరీక్షిస్తే, తల్లులు నిజంగా పడిన ఇక్కట్లు ఎంత ఎక్కువైతే జన్యువుల మీది గుర్తులలో అంత తేడా కనిపించింది. విద్యుత్తు లేకుండా గడిపిన రోజులు, ఇల్లు విడిచి పోవలసి రావడం వంటివాటిని ఇక్కట్లుగా లెక్కించారు. తల్లి ఎంత భయపడింది, ఎంత బెంగ పెట్టుకుంది అన్నదానితో మాత్రం ఆ తేడాలు కలవలేదు.

దీన్ని మరొకసారి చదవండి. "ఆమె ఏడుస్తూ కూర్చుంది కాబట్టి" అని మనం అంటాం. ఆ పరీక్షలో లెక్కకు వచ్చింది ఏడుపు కాదు, ఆమె చుట్టూ లేకపోయిన వెలుగు, వెచ్చదనం, వసతి. వాటిని అందించవలసినది ఆమె కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. బ్రతికి ఉన్న బిడ్డ మెదడును కోసి చూడలేరు గనుక ఇలాంటి పరీక్షలు ఎక్కువగా రక్తంలో, మాయలో, జంతువులలో చేసినవే. పైగా ఇవన్నీ అవకాశాల లెక్కలే గాని జాతకాలు కావు. స్కిజోఫ్రీనియా మామూలుగా నూటికి ఒకరికి వస్తుందనుకుంటే, రెండింతలంటే నూటికి ఇద్దరు. తక్కిన 98 మంది క్షేమమే. గుర్రపువాతం వచ్చిన తల్లులకు పుట్టి చక్కగా చదువుకొని, కుటుంబాలు నిలబెట్టినవారు మన విచారణలలోనే ఎందరో ఉన్నారు. కనుక ఇది చదువుతున్న తల్లి ఎవరూ బెదిరిపోవద్దు.

హాని వేరు, దోషం వేరు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. బాబిలోనియా చెరలో ఉన్న యూదుల మధ్య ఒక సామెత ఉండేదని యెహెజ్కేలు ప్రవక్త గ్రంథం 18వ అధ్యాయంలో చూస్తాం. తండ్రులు తిన్న పుల్లని ద్రాక్షల పులుపు పిల్లల పళ్లకు తగిలిందని దాని భావం. ఇక మీదట ఈ సామెత మీ నోట రాకూడదని దేవుడు కచ్చితంగా ఆజ్ఞాపించాడు. ఎవరి పాపానికి వారే జవాబుదారులని ప్రవక్త బోధించాడు.

అయితే ప్రవక్త మాటకూ శాస్త్రజ్ఞుల మాటకూ పొత్తు కుదరదా? కుదురుతుంది. మనం కలగాపులగం చేస్తున్న రెండు సంగతులను విడదీసి చూడాలి. ఒకటి హాని, రెండవది దోషం. హాని ఒక తరం నుండి మరొక తరానికి దిగవచ్చు. తండ్రి చేసిన అప్పు, తల్లి పడిన ఆకలి, ఊరిని ముంచిన ఉప్పెన పిల్లల శరీరాలకు తగలవచ్చు. దోషం మాత్రం దిగదు. అది మనసారా తెలిసి చేసినవానిదే. జన్మపాపం గురించి బోధించేటప్పుడు కూడా శ్రీసభ ఇదే జాగ్రత్త పాటిస్తుంది. అది మనం స్వయంగా చేసిన పాపం కాదు, మనకు సంక్రమించిన గాయపడిన స్థితి అని చెబుతుంది.

పుట్టు గ్రుడ్డివానిని చూపి శిష్యులు ప్రభువును అడిగినదీ ఈ ప్రశ్నే. పాపం ఇతనిదా, తల్లిదండ్రులదా అని. యోహాను సువార్త 9వ అధ్యాయం చూడండి. యేసుప్రభువు ఆ రెండింటినీ కాదన్నాడు. వెనుకకు చూసి నేరస్థుణ్ణి వెదకుతున్న శిష్యుల కళ్లను ఆయన ముందుకు తిప్పాడు. ఇతనిలో దేవుని పని కనబడవలసి ఉన్నదని చెప్పి, వెంటనే మట్టి కలిపి ఆ కళ్లకు పూసి పని మొదలుపెట్టాడు. శిష్యులది ఎవరు చేశారన్న ప్రశ్న. ప్రభువుది ఇప్పుడు ఏం చేయాలన్న ప్రశ్న. బిడ్డ ఊయల చుట్టూ చేరినప్పుడు మనం అడగవలసినది ఏ ప్రశ్నో మీరే ఆలోచించండి.

ఆమె పళ్లెంలో ఏముంది?

అయితే ఎవరిదీ బాధ్యత కాదా? బాధ్యత ఉంది. తూము దగ్గర తల్లి ఉన్నా, కాలువ మీద అధికారం ఆమెది కాదు.

మన ఇళ్లలో కోడలు ఎప్పుడు తింటుంది? అందరూ తిన్న తరువాత. బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమవుతుందని కడుపుతో ఉన్న పిల్లను తక్కువ తినమనే పెద్దలు ఇంకా ఉన్నారు. ఊడ్పుల చేలో నడుము వంచి, కొబ్బరి పీచు పనిలో చేతులు అరగదీసుకొని ఏడో నెల దాకా కూలికి పోయే తల్లులు ఉన్నారు. భర్త కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటే, ఆసుపత్రికి తోడు వచ్చే మనిషి లేక పరీక్షలు వాయిదా వేసుకునేవారు ఉన్నారు. తాగివచ్చిన భర్త చేతి దెబ్బ కడుపు మీద పడకుండా మోకాళ్లు ముడుచుకొని పడుకునేవారూ ఉన్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణులలో సగానికి పైగా, నూటికి 52 మంది, రక్తహీనతతో ఉన్నారు. ఇంతమంది తల్లులూ కావాలని రక్తం తగ్గించుకున్నారా?

ఆ పళ్లెంలో కొంచెం ఎక్కువ వడ్డిస్తే ఏమవుతుందో మన తెలుగు పల్లెలలోనే చూశారు. 1987 నుండి 1990 వరకు హైదరాబాదు దగ్గరి 29 గ్రామాలలో జాతీయ పోషకాహార సంస్థ ఒక పరిశీలన చేసింది. కొన్ని గ్రామాలలో గర్భిణులకు, పసిపిల్లలకు రోజూ అదనపు ఆహారం అందింది. తక్కిన గ్రామాలకు అప్పటికి ఆ పథకం చేరలేదు. పిల్లలు 13 నుండి 18 ఏళ్ల వయసుకు వచ్చాక మళ్లీ పరీక్షించారు. ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ ఉన్నారు. వారి రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేసింది. ఇది దేహం సంగతి. మెదడు విషయానికి వస్తే, మైసూరులో గర్భవాస సమయంలో తల్లి రక్తంలో ఫోలేట్ అనే విటమిన్ ఎక్కువగా ఉన్న పిల్లలు 9, 10 ఏళ్ల వయసులో తెలివితేటల పరీక్షలలో మెరుగ్గా నిలిచారని 2010లో ప్రకటించారు.

ఈ ఫోలేట్ కథలో మన గోదావరివాడు ఒకడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో మరణించారు. ఆ దుఃఖంతో వైద్యశాస్త్రంలోకి వెళ్లిన ఆయన, 1940లలో అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసిన బృందానికి నాయకుడు. అంతకు ముందే బొంబాయి మిల్లు కార్మికులైన గర్భిణుల రక్తహీనతను పరిశీలించి లూసీ విల్స్ అనే వైద్యురాలు దాని జాడ కనిపెట్టింది. జన్యువుల మీద మిథైల్ గుర్తులు వేయడానికి శరీరానికి కావలసిన ముడిసరుకు సమకూర్చేది ఈ ఫోలేటే. ఒకసారి వెన్నుపాము లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకు మరుసటి గర్భానికి ముందే ఫోలిక్ ఆమ్లం ఇస్తే, ఆ లోపం తిరిగి రావడం నూటికి 72 వంతులు తగ్గుతుందని 1991లో రుజువైంది. చూడండి, సుబ్బారావుగారు తన ఇంట జరిగిన దానికి ఎవరినీ నిందిస్తూ కూర్చోలేదు. పనిలో దిగాడు.

గాయంతో వచ్చినవాడు

మరొక ప్రశ్న మిగిలింది. గర్భంలోనే మెదడుకు హాని తగిలినవాడు పెద్దయ్యాక కోపం అణచుకోలేకపోతే, చదువు ఎక్కకపోతే, అతని తప్పు ఎంత? మొక్కై వంగనిది మానై వంగునా అని మనకొక సామెత. దానిని ఆధారం చేసుకొని కొందరు "వాడింతే" అని వదిలేస్తారు. మరికొందరు "వళ్లు పొగరు" అని కొడతారు. రెండూ సరి కావు. మానసికమైన, సామాజికమైన కారణాల వల్ల మనిషి బాధ్యత తగ్గవచ్చునని 1992లో వెలువడిన సత్యోపదేశం 1735వ పేరాలో బోధిస్తుంది. తగ్గవచ్చు అన్నది గాని, మనిషి మనిషి కాకుండా పోతాడని అనలేదు.

శాస్త్రం కూడా తలుపు మూయలేదు. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంవారు 2004లో ఎలుకల మీద చూపిన సంగతి ఇది. తల్లి ఎలుక తన పిల్లలను బాగా నాకి సాకితే, భయాన్ని అదుపు చేసే మెదడు జన్యువు మీది పలక తొలగుతుంది. సరిగా సాకని తల్లికి పుట్టిన పిల్లను సాకే తల్లి దగ్గర ఉంచితే ఆ పిల్లలోనూ తొలగుతుంది. కన్నది ఎవరైనా సాకే చేయి పనిచేస్తుందన్న మాట. మనుషులు ఎలుకలు కారు, నిజమే. కాని మందబుద్ధి అని మనం మూల కూర్చోబెట్టిన పిల్లకు సాకే చేయి దొరికిందా లేదా అని అడుక్కోవడానికి ఇది చాలదా?

ఈ జ్ఞానానికి ఒక చీకటి దారి కూడా ఉంది. హాని తగిలిందేమో అన్న అనుమానం రాగానే బిడ్డను తీసేయించుకోమని సలహా ఇచ్చేవారు ఉంటారు. పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు 1995 మార్చి 25న వెలువరించిన ‘ఎవాంజెలియుమ్ వీతే’ విశ్వలేఖలో దీనిని ఖండించారు. గాయపడిన ప్రాణం తక్కువ ప్రాణం కాదు. అయితే అదే లేఖలో ఆయన మరొక సంగతి చెప్పారు. గర్భస్రావ పాపంలో తల్లిని ఒత్తిడి చేసిన తండ్రికి, ఆమెను ఒంటరిగా వదిలిన కుటుంబానికి, చుట్టూ ఉన్న సమాజానికి కూడా పాలున్నదన్నారు. ఆ న్యాయమే ఇక్కడా వర్తిస్తుంది. గర్భస్థ శిశువు హక్కుల గురించి ఊరేగింపు తీసి, ఆ శిశువును మోస్తున్న తల్లి మిగిలిన గంజి తాగుతుంటే చూస్తూ ఊరుకుంటే, మన మాటకు విలువ ఎక్కడ?

మరియమ్మ వెళ్లిన దారి

ఎలిజబెత్తమ్మ ముసలితనంలో గర్భవతి అయిందని విన్నప్పుడు మరియమాత ఏం చేసింది? ఇన్నేళ్లు గొడ్రాలిగా ఉండడానికి ఏ పాపం కారణమో ఆరా తీయలేదు. త్వరపడి కొండసీమకు బయలుదేరింది. సుమారు మూడు నెలలు ఆమె ఇంట ఉన్నది. ఆమె పలకరింపు విని గర్భంలోని శిశువు ఆనందంతో గంతులు వేశాడని లూకా వ్రాశాడు. గర్భవతి ఇంటికి మంచి మనిషి ఒకరు వస్తే ఆ మంచి లోపలి బిడ్డ దాకా చేరుతుందని సువార్త ఏనాడో చూపించింది.

కనుక అత్తమ్మలారా, కోడలికి మొదట వడ్డించండి. భర్తలారా, నెలనెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు జరిగే ఉచిత పరీక్షలకు భార్యను మీరే తీసుకువెళ్లండి. విదేశాల్లో ఉంటే తోడు ఎవరు వెళ్తారో ముందే ఏర్పాటు చేయండి. పెళ్లి కుదిరిన పిల్లలకు ఫోలిక్ ఆమ్లం మాత్ర గురించి పెళ్లి తరగతులలోనే చెప్పమని విచారణ గురువులను అడగండి. ముఖం, చేతులు వాచినా, తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా అది గుర్రపువాతం కావచ్చు. తెల్లవారే దాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. మరియదళం అక్కలూ, మఠకన్యలూ, మీ వీధిలో ఈ నెల కడుపుతో ఉన్నవారెవరో మీకు తెలుసా? బిడ్డకు జ్ఞానస్నానం ఇప్పించే రోజున వచ్చే మనం, అంతకు తొమ్మిది నెలల ముందు నుంచే ఆ ఇంటి గడప తొక్కాలి.

ఇక ఏ బిడ్డనైనా చూసి "తల్లి ఏం చేసిందో" అనే మాట నాలుక చివరికి వస్తే, దానిని అక్కడే ఆపి, ఆ తల్లికి ఆనాడు మనం ఏం చేశామో గుర్తు తెచ్చుకుందాం. ఏమీ చేయలేదని తేలితే, ఆ బిడ్డకు మనం బాకీ పడ్డాం. తీర్చడానికి ఇంకా సమయం ఉంది.